ఏడో తరం బొంగరం

ఏటికొప్పాక,
జూన్ 9, 2025.

బావా దేవీప్రసాదూ,

నువ్వూ, మా సెల్లెలు స్యామలా కులాసా అనుకుంటన్నాను. ఇక్కడ నేనూ, మా ఆవిడ అప్పలనర్సమ్మా, అమ్మాయి ఇందూ బాగానే ఉన్నాం.

పదో తరగతి పరీచ్చల తరవాత ఇంత పొడుగు కాయితం రాయడం ఇదే. ఏటి సేత్తాను. ఈ ఇసయం ఫోన్లో ఎత్తకూడదని స్యామల రూలు పెట్టింది కదా. కాయితం మీదయితే అరవలేరు, అంత కావాలంటే రాసుకోండి, నీ ఉత్తరాలూ ఆయన ఉత్తరాలూ ముందు నేను సదివాకే అంది. దాని తప్పు లేదులే. గవరపాలెంలో మీ కొత్తింటి గృహప్రవేశం నాడు బంతిలో కూకుని మనిద్దరం అరుసుకుంటంటే, పులిహోర బకెట్టు పట్టుకున్నోడు ఎవరికి వడ్డించాలో తెలీక గోడకి జారబడిపోయేడు. ఆ తరవాత ఫోన్లో మూడుసార్లు. మూడోసారి ఇంట్లో ఎవరైనా పోయేరేటని మీ పక్కింటోళ్ళు వచ్చేరంట.

నేనడిగింది సిన్న మాట. నలభై రెండేళ్ళు బట్టి లక్కబొమ్మలు సేత్తన్నాను. ఒక అంకుడు కర్ర తెచ్చి మా పెరట్లో పడీ. ఎండనీ, వానలో తడవనీ. లచ్చ ఏళ్ళు ఆగు. దానంతట అది బొంగరం అవుతాదా? అవదు. లేతు మిషను మీద ఎక్కించి, ఉలి ఆనించి, లక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టే మనిసొకడు ఉండాలి. బొంగరానికే ఒకడు కావలిసొత్తే కంటికి అక్కర్లేదా? గుండికాయకి? నువ్వు కాలేజీలో బయాలజీ లెక్చరరువి. అంతమంది పిల్లల్ని కూకోబెట్టి, ఎవరూ సెయ్యలేదర్రా, అలగ అయిపోయిందంతే అని సెప్తన్నావు. నీకు నోరెలగ వత్తంది బావా.

ఇంకోటి. నువ్వు నన్ను కోతివన్నావు. నలుగురిలో, అరిటాకు ముందు. అది నేను మరిసిపోను.

మీ కొత్తింటి మెట్లు ఒకటి ఎత్తూ ఒకటి పల్లంగా ఉన్నాయి. ఆ మేస్త్రీ కూడా దానంతట అదే అవుతాదని వదిలీసేడేమో కనుక్కో.

కోపంగా ఉన్నా నీ బావనే,
చిన్నారావు


అనకాపల్లి,
జూన్ 17, 2025.

బావకి,

నీ ఉత్తరం అందింది. శ్యామల ముందు చదివి, నవ్వుకుని, తరవాత నాకిచ్చింది. ఎక్కడ నవ్విందో చెప్పలేదు.

ముందు కోతి సంగతి. నిన్ను కోతి అనలేదు. మనకీ కోతులకీ ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట ఒకే ముత్తాత అన్నాను. 'మనకీ' అన్నాను. అందులో నేనున్నాను, మీ చెల్లెలుంది, ఆ పులిహోర బకెట్టువాడూ ఉన్నాడు. నువ్వు నీ ఒక్కడి మీదే ఎందుకు వేసుకున్నావో నాకు తెలీదు.

ఇప్పుడు బొంగరం. నీ బొంగరానికీ ప్రాణమున్నవాటికీ ఒక్కటే తేడా. బొంగరానికి పిల్లలు పుట్టవు. పిల్లలు పుట్టేచోట ప్రతి పిల్లా తల్లిలా ఉంటుంది గాని అచ్చంగా తల్లి కాదు. ఎక్కడో చిన్న తేడా పడుతుంది. తేడా పనికొచ్చేదైతే ఆ పిల్ల బతుకుతుంది, దానికి పిల్లలు పుడతాయి. పనికిరానిదైతే అక్కడితో సరి. ఇది కోట్ల ఏళ్ళు జరగనీ, కన్ను కూడా వస్తుంది. చేసేవాడు అక్కర్లేదు బావా, నకలు తీసేటప్పుడు తప్పులు పడితే చాలు.

కన్ను అన్నావు కాబట్టి చెబుతాను. మన కంటి తెరకి వెనకనుంచి పోవలసిన నరాలు ముందునుంచి పోతాయి. ముందుకొచ్చినవి మళ్ళీ వెనక్కి వెళ్ళాలి కదా, అందుకని తెరకి ఒక కన్నం. ఆ కన్నం దగ్గర మనకి ఏమీ కనపడదు. మీ వీధి ఎలక్ట్రీషియన్ ఇలా వైరింగు చేస్తే ఊరుకుంటావా? నా నడుం చూడు. నాలుగు కాళ్ళ జంతువుకి పెట్టిన వెన్నెముకని అలాగే ఎత్తి నిలబెట్టేసేరు. ఇరవై ఏళ్ళుగా బెల్టు కట్టుకుని పాఠం చెబుతున్నాను. నిజంగా ఒకడు కూర్చుని ఇదంతా చేసి ఉంటే, ఆ పూట వాడి చెయ్యి వణికి ఉండాలి.

మా మెట్లు మాత్రం మేస్త్రీ చేసినవే. చేసినవాడు ఉన్నంత మాత్రాన బాగుండాలని లేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

ఒక్కమాట. నీ అక్షరాలు చూస్తే భయమేసింది. ప్రతి అక్షరమూ ఊగిపోతోంది. అంత కోపం పనికిరాదు, బీపీ చూపించుకో.

ఇందులో ఒక వాక్యం కొట్టెయ్యమని శ్యామల అంది. కొట్టలేదు.

వాదనలో తప్ప అన్నిటా నీవాడు,
దేవీప్రసాద్


అనకాపల్లి,
జూలై 8, 2025.

బావకి,

మూడు వారాలైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నీ వాదన అయిపోయిందని మొదటి వారం సంతోషించేను. రెండో వారం నుంచి బాగులేదు. ఫోను చేస్తే అప్పలనర్సమ్మక్క తీసి, నువ్వు పనిలో ఉన్నావంటోంది. పనిలో ఉంటే లేతు చప్పుడు వినపడాలి కదా.

శ్యామల కొట్టెయ్యమన్న వాక్యం చెయ్యి వణికిందన్నదే. దేవుణ్ణి అలా అనకూడదంది. నీ మనసు అందుకే కష్టపడిందని ఆవిడ అభిప్రాయం. నాతో సరిగ్గా మాట్లాడ్డం మానేసింది. నిన్న టిఫిను పెట్టి, "మీ ముత్తాతకి కూడా పెట్టమంటారా" అని అడిగింది.

నీ భక్తిని నొప్పించాలని రాయలేదు. దేవుడి సంగతి పక్కన పెడదాం. నామీద నమ్మకం లేకపోతే నీ లేతునే అడుగు. ఒక బొంగరం తీసుకో, వేళ్ళతో తిప్పేది. కొలతలు పెట్టకుండా ఊరికే దాన్ని చూస్తూ పది చెయ్యి. పదీ తిప్పు. ఎక్కువసేపు తిరిగినదాన్ని ఉంచి మిగిలినవాటిని చంపెయ్యి. ఆ ఉంచినదాన్ని చూసి మళ్ళీ పది. మళ్ళీ ఒక్కదాన్ని ఉంచి తొమ్మిదింటిని చంపెయ్యి. ఇలా ఏడెనిమిది తరాలు. బాగు చెయ్యాలని ప్రయత్నించకు. కళ్ళు మూసుకుని చెయ్యి. ఏమవుతుందో నువ్వే నాకు రాయి.

జవాబు కోసం గుమ్మంలో నిలబడే
దేవీప్రసాద్


ఏటికొప్పాక,
జూలై 15, 2025.

బావా,

నీ ఉత్తరం ముందు మా అప్పలనర్సమ్మ సేతిలో పడింది. 'తొమ్మిదింటిని సంపెయ్యి' అన్నకాడ ఆగిపోయి, మిగతాది సదవకుండా స్యామలకి ఫోను సేసింది. మీ ఆయన మా ఆయన్ని ఏటో సెయ్యమని రాసేడమ్మా, మనకేటి కరమ్మని ఏడిసింది. మా కోళ్ళ గంప మూతేసి దాని మీద రాయి కూడా పెట్టింది. బొంగరాలే కదా అని నేను నచ్చజెప్పేసరికి పొద్దెక్కిపోయింది.

ఇంక నీ పరీచ్చ. కళ్ళు మూసుకుని సెయ్యమన్నావు. ఎంత సదువుకున్నోడివి, ఊరికే సెప్పవు కదా అనుకుని, కళ్ళకి తువ్వాలు కట్టుకుని లేతు ముందు కూకున్నాను. కర్ర తిరుగుతంది. లక్క ఎక్కడ ఆనిందో తెలీలేదు, వాసన పట్టి సూద్దామని మొకం ముందుకెట్టేను. కరిగిన లక్క మీసానికి అంటుకుపోయింది. ఎర్రది. కొబ్బరినూని రాసినా రాలేదు. ఆ పక్క మీసం గొరిగించీసేను. ఒక్క పక్కే ఉంటే అందరూ ఆగి సూత్తన్నారని రెండోది కూడా తీయించీసేను. ముప్పై ఏళ్ళ మీసం. సూసేవా, సూసే కన్ను లేకపోతే ఏటవుతాదో. ఇదీ నీ పరిణామం.

నేను రాయలేదంటే పనుండి రాయలేదు. అంతే. ఆ సెయ్యి వణకడం మాట మటుకు ఇంకెప్పుడూ రాయకు. ఎందుకని అడగకు.

వీలయితే ఈ వారంలో స్యామలని పంపు. తొందరగా పంపు.

మీసం లేని
చిన్నారావు


అనకాపల్లి,
జూలై 22, 2025.

బావకి,

కళ్ళు మూసుకోవడమంటే ఆలోచన పెట్టకుండా చెయ్యమని. తువ్వాలు కట్టుకోమని కాదు. పాతికేళ్ళుగా పిల్లలకి ఇలాగే చెబుతున్నాను, ఎంతమంది ఏమేం కట్టుకున్నారో అని ఇప్పుడు దిగులుగా ఉంది. కళ్ళు బాగా తెరుచుకునే చెయ్యి. కొలతలు మాత్రం పెట్టకు.

దేవుడి చెయ్యి వణకదు. ఒప్పుకుంటున్నాను. ఈ వాక్యం మా కాలేజీలో ఎవరికీ చూపించకు.

ఇంత ఒప్పుకున్నా నీ కోపం తగ్గినట్టు లేదు. ఈసారి అక్షరాలు మరీ ఊగేయి. ఆఖరి రెండు ముక్కలూ భూతద్దం పెట్టి చదవాల్సొచ్చింది. నువ్వడిగినట్టే ఇవాళే బస్సులో పార్సిలు వేసేను. తొందరన్నావని రెండు కిలోల బదులు ఐదు కిలోలు పంపుతున్నాను, సన్నరకం. అందేక రాయి. శ్యామల ఊళ్ళో లేదు, వాళ్ళ స్నేహితురాలింటికి వెళ్ళింది. అందుకే ఈ రెండు ఉత్తరాలూ ఆవిడ చదవలేదు. చెప్పకు.

నీ మీసానికి క్షమాపణలతో,
దేవీప్రసాద్


ఏటికొప్పాక,
ఆగస్టు 5, 2025.

బావా,

నేను స్యామలని పంపమన్నాను. నువ్వు సేమ్యాలు పంపేవు.

ఐదు కిలోల సేమ్యాలు ఏటి సేసుకుంటాం. పురుగు పడిపోతాదని అప్పలనర్సమ్మ పెద్ద గిన్నెడు పాయసం కాసి వీధంతా పంచింది. ఊరికే పాయసం ఎవరు పంచుతారు? అచ్యుతాపురం కంపెనీలో మా ఇందుకి సంబంధం కుదిరిపోయిందని ఊరు ఊరంతా అనీసుకుంది. ఇందు అక్కడ మందుల కంపెనీలో క్వాలిటీ సూసే పని సేత్తంది కదా, కంపెనీ బస్సులో కూడా అందరూ పెళ్ళికొడుకు ఎవరని అడుగుతన్నారంట. నాలుగు రోజులు నాతో మాటాడలేదు.

అయిదో రోజు మాటాడింది, నీ పరీచ్చ వల్ల. తప్పని తేల్సడానికే మొదలెట్టేను, గుర్తెట్టుకో. మా నాన్న సేసిన పాత బొంగరం ఒకటుంటే దాన్ని ముందెట్టుకుని పది సేసేను. ఇందు ఫోన్లో టైము పెట్టి ఒక్కోటీ మూడుసార్లు తిప్పింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. మా నాన్నది అరవై రెండు సెకన్లు. నావి నలభై, ముప్పైఅయిదు, యాభై. ఒకటి పుట్టడమే పడిపోయింది. ఒకటి మటుకు డెబ్బై ఒకటి తిరిగింది. గాలివాటం అనుకున్నాను. దాన్ని సూసి పది సేసేను. ఎనభై. దాన్ని సూసి ఇంకో పది. తొంబైనాలుగు. పదిలో ఏ రెండూ ఒకలాగ లేవు బావా. ఒకటి పొట్టిది, ఒకటి నడుం జారింది, ఒకటి అంచు మందం. ఇందు తన కొలిసే సామాను తెచ్చి అన్నీ పుస్తకంలో రాసుకుంటంది. సచ్చిపోయిన బొంగరాలు మటుకు కోళ్ళ గంప పక్కన బుట్టలో ఉన్నాయి, పారెయ్యడానికి మనసొప్పలేదు.

ఇంకా నాలుగు తరాలున్నాయి. పడిపోతాది సూడు.

సేమ్యాల మొకం సూడలేని
చిన్నారావు


అనకాపల్లి,
ఆగస్టు 12, 2025.

బావకి,

నాకు నీమీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

నీ ఉత్తరం చదివి ముందు గాల్లో తేలేను. డెబ్బై ఒకటి, ఎనభై, తొంభైనాలుగు. ఫిజిక్సు త్రినాధరావుకి కూడా చూపించేను. ఆయన చదివి ఒక్కటే అడిగేడు. "మీ బావ నలభై ఏళ్ళ పనివాడన్నారు కదా, పది బొంగరాలు చేస్తే పదీ పది రకాలుగా ఎలా వచ్చేయి?"

నిజమే కదా. కుంకం బరిణెలు ఐదొందలు చేస్తే, ఏ మూత తీసి ఏ బరిణెకి పెట్టినా పట్టేసేది నీ పని. నీ చేతిలోంచి ఒకదానికొకటి పోలికలేని బొంగరాలు వచ్చేయంటే, నువ్వు కావాలని పెట్టిన తేడాలే అవి. కావాలని పెడితే అది డిజైను. నన్ను సంతోషపెట్టడానికి చేసేవో, చివర్లో నవ్వడానికి చేసేవో నాకు తెలీదు. ఈ పరీక్ష చెల్లదు. నాతో మోసం చెయ్యాల్సిన అవసరం నీకేమొచ్చింది?

శ్యామల తిరిగొచ్చింది. సేమ్యాల సంగతి తెలిసింది. నీ పాత ఉత్తరాలన్నీ తీసి వరసగా పరుచుకుని చూస్తోంది.

దేవీప్రసాద్


ఏటికొప్పాక,
ఆగస్టు 19, 2025.

బావా,

కావాలని పెట్టలేదు. సెయ్యి వణుకుతంది.

కుడిసెయ్యి. ఏడాది దాటింది. ముందు ఏలు ఒకటి అదిరేది, ఇప్పుడు మణికట్టు దాకా. ఊరికే ఉంటే ఉండదు, ఉలి పట్టుకుంటే వత్తాది, పెన్ను పట్టుకుంటే వత్తాది. నువ్వు కోపం అనుకున్నది అదే. ఎండాకాలంలో సేసిన బరిణెల్లో సగానికి మూతలు పట్టలేదు. కర్ర పచ్చిదని అప్పలనర్సమ్మకి అబద్ధం సెప్పేను. రెండు కొత్త ఆర్డర్లు వత్తే తీరిక లేదన్నాను. తీరికే ఉంది.

నువ్వు ఆ జూన్ ఉత్తరంలో 'ఆ పూట వాడి సెయ్యి వణికి ఉండాలి' అని రాసేవు. నీకు తెలిసిపోయిందనుకున్నాను. తెలిసి, ఎగతాళి సేత్తన్నావనుకున్నాను. మూడు వారాలు లేతు దగ్గరికి ఎల్లలేదు. తరవాత నీకు తెలీదని అర్దమయింది, తెలిసుంటే రాయవని కూడా అర్దమయింది. ముందు సెల్లెలికి సెప్పి, అది నీకు సెప్తే బాగుంటాదని దాన్ని పంపమన్నాను. దాని బదులు సేమ్యాలొచ్చేయి.

బంతిలో అంత గట్టిగా ఎందుకు అరిసేనో ఇప్పుడు సెప్తాను. సేసేవోడు అక్కర్లేదని నువ్వన్నావు. నేను సేసేవోణ్ణి. ఆ పనొక్కటే వచ్చు నాకు, అదీ జారిపోతంది. సెయ్యి వణకనోడు ఒకడు పైన ఉన్నాడు, ఆడు అన్నీ సరిగ్గానే పెట్టేడు అనుకుంటే నాకు కొంచెం నిమ్మదిగా ఉంటాది. ఆణ్ణి కూడా నువ్వు లాగీబోయేవు.

సరే, ఇంకో ఇసయం. నువ్వు సెల్లదన్నా నేను ఆపలేదు. నిన్నటికి ఏడో తరం. అందులో నాలుగోది రెండు నిమిషాల నలభై సెకన్లు తిరిగింది. ఇందు తొమ్మిదిసార్లు తిప్పింది, అదే లెక్క. సూడ్డానికి బొంగరంలా లేదు, అణిగిపోయిన ఉల్లిపాయలాగుంది. కాడ పొట్టిది, బరువంతా కింద. మా నాన్న ఇలాంటిది సెయ్యలేదు, నాకు కల్లో కూడా రాలేదు. సేసింది ఈ సెయ్యే. ఆలోసించింది మటుకు నేను కాదు. అది తిరుగుతంటే రెండు నిమిషాలూ నేను గుడ్లప్పగించి సూత్తా కూకున్నాను.

స్యామలకి ఇప్పుడే సెప్పకు. అది ముందు సదువుతాదని ఇక్కడిదాకా రాసేక గుర్తొచ్చింది. పోనీలే. సెల్లే, సదివేవా, ఏడవకు.

చిన్నారావు


అనకాపల్లి,
ఆగస్టు 23, 2025.

బావా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి శ్యామల మీ వంటింట్లో ఉంటుంది. నీ ఉత్తరం చదివి, నా చేతికిచ్చి, చెప్పులేసుకుని బస్టాండుకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు నేను చూసుకోలేదు. అవి పొంగి, మాడి, గిన్నె అంటుకుపోయేక వాసనకి లేచేను.

మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాట వెనక్కి తీసుకోవడం రాతలో కుదరదని ఇప్పుడు తెలిసింది, నువ్వు దాచుకున్న కాగితంలో అది అలాగే ఉంటుంది. చింపెయ్యి. ఆ జూన్ ఉత్తరం కూడా చింపెయ్యి. బయాలజీ చెప్పేవాణ్ణి, ఊగే అక్షరాలు చూసి కోపం అనుకున్నాను.

వచ్చే గురువారం ఇక్కడ నరాల డాక్టరు దగ్గర నీ పేరు రాయించేను. తప్పించుకోకు.

ఒక్కటి మాత్రం నువ్వు తప్పు రాసేవు. ఆ బొంగరాన్ని ఆలోచించింది నువ్వు కాదన్నావు. మరెవరు? ఒక్కో తరంలో దేన్ని ఉంచాలో ఎంచింది ఎవరు? ఉలి పట్టే చెయ్యి వేరు, ఎంచే కన్ను వేరు. చెయ్యి వణికితే వణకనీ, నీ కన్ను వణకలేదు. ఆ బొంగరానికి చేసినవాడున్నాడు, వాడి పేరు చిన్నారావు. ఈ మాట నేను స్టాఫు రూములో బల్ల గుద్ది చెప్పేను. చేసినవాడు లేకుండా ఏదీ రాదు అని కూడా ఆ ఊపులో అనేసేను. అప్పట్నుంచి త్రినాధరావు నేను ఈమధ్య ఏ గుడికి వెళ్తున్నానో ఆరా తీస్తున్నాడు.

ఏడు తరాలూ గురువారం తీసుకురా. చచ్చిపోయినవాటితో సహా. మా కాలేజీలో సైన్సు ప్రదర్శన ఉంది.

నీ
దేవీప్రసాద్


అనకాపల్లి,
సెప్టెంబరు 16, 2025.

బావా,

ఆ డాక్టరు గారి గది ముందు మనం అరుచుకున్నందుకు నాకింకా సిగ్గుగా ఉంది. కాంపౌండరు మనిద్దర్నీ బయట వరండాలో కూర్చోబెట్టేక కూడా నువ్వు తగ్గలేదు. నీ కన్ను ఎంచిందని నేనంటే, "నా కన్నేటి ఎంచింది, గచ్చు ఎంచింది. ఏది పడిపోతే అది పోయింది. ఇందులో సేసినోడు ఎక్కడున్నాడు, సూపించు" అని నువ్వు. మూడు నెలల కిందట నీ నోట ఈ మాట వింటే నేనే పాయసం పంచేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఒప్పుకోను. నువ్వే చేసేవు.

డాక్టరు చెప్పింది మరిచిపోకుండా మళ్ళీ రాస్తున్నాను. ప్రాణభయం లేదు. ఇది కొన్ని కుటుంబాల్లో వయసుతో వచ్చే వణుకు. మాత్రలు మానకుండా వేసుకుంటే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పని మానక్కర్లేదు. మీ నాన్నగారికి ఉండేదా అని ఆయన అడిగినందుకు నువ్వు కుర్చీలోంచి లేచి, మా నాన్న సెయ్యి బండరాయండీ అన్నావు. ఆయన తిట్టలేదు బావా, అడిగేడు. మీ నాన్న తోబుట్టువు దేముడమ్మ అత్తని ఒకసారి కనుక్కో, మీ నాన్నని ఆవిడ కన్నా ఎరిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ప్రదర్శన అయింది. డెబ్బై బొంగరాలూ తరాల వారీగా బల్ల మీద పేర్చేం, ఇందు కొలతల పుస్తకం పక్కన పెట్టేం. సైన్సు ప్రదర్శన కదా అని, 'చేసేవాడు లేకుండా బొంగరం ఎలా మారింది' అనే అట్ట రాయించేను. జడ్జీలు ముగ్గురొచ్చి ఏడో తరంది తిప్పేరు. మళ్ళీ తిప్పేరు. ముగ్గురూ పందెం వేసుకుని నలభై నిమిషాలు తిప్పేరు, మిగతా బల్లలన్నీ ఎదురుచూస్తున్నాయి. తరవాత ఒకాయన, "ఇంతకీ ఇవి ఎవరు చేసేరండీ" అని అడిగేడు. మా బావండీ అన్నాను, గర్వంగా. అట్ట మీద చేసేవాడు లేడని రాసి ఉందే అన్నాడు. నేను మళ్ళీ మొదలుపెట్టి, ఎంచిన కన్ను గురించీ, చేసినవాడి గురించీ అరగంట చెప్పేను. చివరికి వాళ్ళు దాన్ని హస్తకళల్లోకి మార్చి రెండో బహుమతి ఇచ్చేరు. మొదటి బహుమతి సోడా ఉప్పుతో పొంగే అగ్నిపర్వతానికి.

శ్యామలని ఇంక పంపించు. పాల గిన్నెలు మూడు మాడేయి.

బహుమతి తీసుకున్న
దేవీప్రసాద్


ఏటికొప్పాక,
సెప్టెంబరు 28, 2025.

బావా,

హస్తకళలేటి బావా. అది సైన్సు. ఆ జడ్జీల అడ్రసు పంపు, ఒక్కొక్కళ్ళకీ ఉత్తరం రాత్తాను. గచ్చు ఎంచింది అని ఈ వీధిలో పసిపిల్లలకి కూడా తెలిసిపోయింది. నిన్న మా పూజారిగారికి కూడా సెప్పేను. ఆయన ఓపిగ్గా ఇని, మరి ఆ గచ్చు ఎవరు సేసేరు అనడిగేడు. ఎల్లయ్య మేస్త్రీ అన్నాను. ఆయన తీర్థం ఇచ్చేడు.

మాత్రలు ఏసుకుంటన్నాను. పొద్దున పూట కొంచెం నయం. స్యామల రేపు బయలుదేరతాది.

నువ్వన్నట్టే దేముడమ్మ అత్త దగ్గరికి ఎల్లేను. ఎనభై నాలుగేళ్ళు, సెవులు బాగానే ఇనిపిత్తన్నాయి. "అత్తా, నాన్నకి సెయ్యి వణికేదా" అన్నాను, లేదంటాదని. అత్త దీపానికి ఒత్తి ఏసుకుంటా, "వణక్కేటిరా. టీ గలాసు ఎప్పుడైనా నిండా పోయనిచ్చేడేటి మీ నాన్న? సగం పోయించుకుని రెండుసార్లు తాగీవోడు" అంది. పద్దెనిమిదేళ్ళు ఆయన పక్కన కూకుని పని నేర్సుకున్నాను. సగం గలాసు తాగడం పొదుపనుకున్నాను.

అప్పుడు ఇంకో మాట సెప్పింది. మా ఇంటి బొంగరాలకి పసుపు పట్టీ మీద ఎర్ర గీత ఒకటి ఉంటాది, నువ్వెప్పుడైనా సూసేవో లేదో, తిన్నగా ఉండదు, అలలాగ పైకీ కిందికీ ఎల్తాది. ఆ గీతని బట్టే సంతలో మా సరుకు పోల్సుకునీవోరు. అది నాన్న కనిపెట్టిన డిజైనని నేను ఊరందరికీ సెప్పుకున్నాను. అత్త నవ్వింది. "డిజైనేటిరా. తిన్నగానే గియ్యబోయేడు, రాలేదు. పారేద్దామని పక్కనెట్టేడు. సంతలో ఆడోళ్ళు అదే బాగుందని ఏరుకున్నారు. మరి అప్పట్నుంచి అలగే గీసీవోడు, గియ్యక ఏటి సేత్తాడు."

నేను పదిహేనేళ్ళోణ్ణి పనిలో కూకున్నప్పుడు నా గీత తిన్నగా వచ్చేదని రోజూ తిట్లు. అల రావాల, అల రావాల అని మెటికల మీద కొట్టీవోడు. లేతు మెల్లిగా తిప్పుతా, సెయ్యి కావాలని ఆడిత్తా, ఆ అల నేర్సుకోడానికి నాకు ఏడాది పట్టింది. నాన్న వణుకుని నేను అంత శ్రద్దగా నేర్సుకున్నాను బావా. నీ బాషలో దాన్నేటంటారో రాయి. డిజైనంటావో, తప్పంటావో. దెబ్బలాడ్డానికి నేను తయారు.

మొన్న సోమవారం లేతు తుడిసి, కూకుని, పన్నెండు బొంగరాలు సేసేను. గీత కాడికొచ్చేసరికి సెయ్యి ఆడించలేదు, ఊరికే లక్క ఆనించేనంతే. అల దానంతట అదే వచ్చింది. పన్నెండూ బుట్టలో ఏసి అత్త దగ్గరికి తీసికెల్లేను. ఒక్కోటీ కంటి దగ్గరెట్టుకుని, ఏలితో ఆ గీత తడుముకుంటా పన్నెండూ సూసింది. సూసి, బుట్ట పక్కకి జరిపి, "ఇవి మీ నాన్నవి. నువ్వు సేసినవి తే" అంది.

పనిలో ఉన్న
చిన్నారావు